రచయితలకు వర్షావాసము

కొంతకాలము నుండి మన సాహిత్యలోకమున 'రచనాశిబిరము' అను మాట తఱచుగా వినవచ్చుచున్నది. ఐదాఱుగురు కథకులో కవులో ఇల్లువాకిళ్ళు విడిచి, ఏ కొండదాపుననో సముద్రపుటొడ్డుననో నాలుగు దినములు కూడియుండి, వ్రాసికొని, ఒకరికొకరు చదివి వినిపించుకొని తిరిగి వచ్చుచున్నారు. ఇది మంచి పద్ధతియా, వట్టి వేడుకయా యని మా చదువరులు కొందఱు మమ్మడిగియున్నారు. అందులో ఒక గృహిణి వ్రాసిన ప్రశ్న మా మనసును విడువకున్నది. "వంటయింటిలో కూర్చుండి వ్రాయలేనివారు సముద్రము చెంతకు పోయి మాత్రమేమి వ్రాయగలరు?" అని ఆమె అడిగిరి. ఇది ఎత్తిపొడుపే, అయినను దీనికి సమాధానము చెప్పక తప్పించుకొనుట న్యాయము కాదు.

శిబిరములను మెచ్చువారు సాధారణముగా చెప్పు కారణమొకటి కలదు. ఇంటిపనులు, పిల్లల అల్లరి, చుట్టాల రాకపోకలు, చేతిలోని టెలిఫోను, వీనినుండి తప్పించుకొన్నగాని రచన సాగదనియు, ఏకాంతమే శిబిరమిచ్చు వరమనియు వారందురు. ఈ కారణము మాకు చాలినదిగా తోపలేదు. ఏకాంతమే కావలసినచో ఒక్కరే పోవచ్చును గదా. పదిమందితో కలసి పోవుటెందుకు? పదిమంది కలసి పోయియు, నోరు మెదపక ఎవరి గదిలో వారు తలుపు వేసికొని కూర్చుండు శిబిరములను గూర్చి కూడ వినుచున్నాము. అట్టి మాట విన్నప్పుడెల్ల మాకు శాలిహుండము జ్ఞప్తికి వచ్చును.

శ్రీకాకుళము జిల్లాలో, వంశధార సముద్రమున కలియు కళింగపట్టణమునకు కొలదిదూరములో, నదికి దక్షిణపుటొడ్డున శాలిహుండపు కొండ యున్నది. కొండమీద ఇటుక స్తూపములును, చైత్యముల పునాదులును నేటికిని కానవచ్చును. వ్యావహారిక భాషోద్యమమునకు పెద్దయైన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ శిథిలములను గుర్తించి లోకమునకు తెలిపిరి. సవర భాషకు వ్యాకరణమును నిఘంటువులను కూర్చిన ఆ మహాశయుని కన్ను, నోటి మాటలమీద నిలిచినట్లే మట్టిలోని ఇటుకలమీదను నిలిచినది. విజయనగరమునకు చేరువ రామతీర్థము కడ గురుభక్తుల కొండమీదను ఇట్టి బౌద్ధ శిథిలములున్నవి. బౌద్ధ భిక్షువులు తక్కిన కాలమంతయు ఊరూర తిరుగుచు, వానకాలము మూడు నెలలు మాత్రము ఒకచోట కలసి నిలువవలెనని వారి నియమము. దానికి వర్షావాసమని పేరు.

ఈ వర్షావాసమును గూర్చి వినయపిటకములోని మహావగ్గమున ఒక కథ యున్నది. కోసలదేశమున భిక్షువులు కొందఱు ఒకచోట వానకాలము గడపనెంచి, తమలో తగవులు రాకుండుటకు ఒక ఉపాయము పన్నుకొనిరి. మూడు నెలలును ఒకరితో నొకరు మాటలాడరాదు. భిక్షకు పోయి ముందుగా వచ్చినవాడు ఆసనములు వేసి నీరు పెట్టవలెను; వెనుక వచ్చినవాడు మిగిలినది తిని, పాత్రలు కడిగి, చోటు తుడువవలెను. కుండలో నీరు నిండుకొన్నచో చేసైగతో తోడు పిలువవలెనే కాని నోరు తెఱవరాదు. అట్లే కాలము గడిపి, సంతోషముతో బుద్ధుని కడకు పోయి, కలతలు లేక సుఖముగా నుంటిమని చెప్పుకొనిరి. ఆయన మెచ్చుకొనలేదు. పశువులు మందగా నున్నట్లు ఉండి వచ్చి సుఖముగా నుంటిమని చెప్పుచున్నారా యని మందలించి, క్రొత్త నియమమొకటి చేసెను. వర్షావాసము ముగియునాడు ప్రతి భిక్షువును, పెద్ద గాని పిన్న గాని, సంఘము నెదుట చేతులు జోడించి, తనయందు ఇతరులు చూచిన దోషమును, విన్న దోషమును, శంకించిన దోషమును చెప్పుడని తానే వేడుకొనవలెను. దీనికి పవారణ యని పేరు.

రచయితలను తలచి చెప్పిన కథ కాదిది. అయినను రచనాశిబిరము దేనికని మమ్మడిగినవారికి మేము దీనినే చెప్పుదుము. వ్రాయువాడు తన వాక్యమును తాను వినలేడు. ఇంటివారికి చదివి వినిపించినచో ప్రేమచేత బాగున్నదందురు. రెండవమాఱు చదివినచో విసుగుచేత బాగున్నదందురు. పత్రికాధిపతి అచ్చు వేయును, లేదా త్రిప్పి పంపును. కారణము వ్రాయు తీరిక ఆయనకుండదు. (ఈ అపరాధము మాదియు గలదు.) విమర్శకుడు అచ్చుపడిన పిమ్మట వచ్చును. గృహప్రవేశమైన తరువాత గోడ వంకరయని చెప్పిన మేస్త్రివలన ఇంటివానికి కలుగు లాభమెంతయో ఈతనివలన రచయితకు కలుగు లాభమంతయే.

అచ్చునకు పోకమునుపు, వ్రాత యింకను పచ్చిగా నున్నప్పుడు, అదే పనిలో మునిగియున్న మఱియొకడు ప్రక్కన కూర్చుండి, 'ఇచ్చట నాకు నమ్మకము కలుగలేదు' అని చెప్పవలెను. మఱునాడు సవరించి తెచ్చినదానిని అతడే మరల వినవలెను. ఈ మఱునాడు అనునదే ముఖ్యము. ఒక్కపూట గోష్ఠిలో తప్పు చెప్పినవాడు బస్సెక్కి పోవును. విన్నవాడు ఆ నొప్పితో మిగిలిపోవును. శిబిరములోనైతే తప్పు చెప్పినవాడు మఱునాడును అదే పంక్తిలో కూర్చుండి భోజనము చేయవలసియుండును. కావున ఊరక కఱచుటకు వెనుదీయును. చెప్పిన మాటకు నిలువవలసి వచ్చును. నాలుగు దినములు ఒక కప్పుక్రింద నుండుటవలన కలుగు ఫలము మాకు తెలిసినంతవఱకు ఇదియే. సముద్రపు గాలియు, తలుపు వేసికొనుటకు గదియు మంచివే; అవి సత్రములోను దొరకును.

ఉత్తరాంధ్రమున ఈ పద్ధతి శిబిరమను పేరు లేకయే నడచినది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చూడుడు. విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు దానిని 1892లో ప్రదర్శించిరి, అచ్చుపడినది 1897లో. అనగా ఐదేండ్ల కాలము అది నటుల నోళ్ళలోను ప్రేక్షకుల చెవులలోను మెలగిన పిమ్మట పుస్తకమైనది. దానికి వెనుకనున్న విషయసేకరణము కూడ ఒంటరి పని కాదు. ఆనంద గజపతి మహారాజుగారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టిక వ్రాయింపగా, అవి 1034 తేలినవని గ్రంథకర్తయే పీఠికలో చెప్పియున్నారు. అంతటితో ఆయన తృప్తి పడలేదు. 1909లో రెండవ కూర్పు వెలువడినది. మొదటిది ఐదంకముల నాటకము, రెండవది ఏడంకములది. మధురవాణి మొదటి కూర్పులో నున్నంతలో ఉండిపోయినచో మనమీనాడు ఆమెను గూర్చి ఇన్ని మాటలు చెప్పుకొనియుండము. రెండు కూర్పులను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారికి రెండవది క్రొత్త నాటకమే యని తోచును.

ఈ పండ్రెండేండ్ల నడుమ గురజాడవారి చుట్టునున్న మనుష్యులెవ్వరో చూడవలెను. విజయనగరమున సహాధ్యాయియైన గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలకు పి.టి. శ్రీనివాస అయ్యంగారు అధ్యక్షులు. పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్సు దొర, ఇంటిలో మాటలాడు తెలుగునకును పుస్తకములోని తెలుగునకును ఇంత యెడమెందుకని అడిగి ఊరకుండినవాడు కాడు. ఈ నలుగురి వాదములనుండియే భాషోద్యమము పుట్టినది. నాటకములో ఏ రంగమున ఎవరి మాట పనిచేసినదో లెక్క తీయుట మా ఉద్దేశము కాదు. ఆ భాష చెవిగల మిత్రుల నడుమ పెరిగిన భాషయని మాత్రము చెప్పుచున్నాము. (ఇన్నేండ్లకును మేము 'చెప్పుచున్నాము' అని వ్రాయుట గిడుగువారు చూచినచో మమ్ము క్షమింపరు. అలవాటు పోలేదు, ఏమి చేయుదుము!) మిత్రులున్నంత మాత్రమున అన్నియు కొనసాగునని మేమనము. కొండుభట్టీయము, బిల్హణీయము అసంపూర్ణములుగనే మిగిలినవి. 1915లో ఆయన కన్నుమూయునాటికి వయస్సు ఏబదిమూడేండ్లే.

తరువాతి తరమున విజయనగరమే మరల ఇట్టి కూటమికి తావిచ్చినది. శ్రీకాకుళమున 1915లో జన్మించి విజయనగరమున స్థిరపడిన చాగంటి సోమయాజులుగారు. మహారాజా కళాశాలలో ఆంగ్లము బోధించుచు ఐరోపా భాషలు పలు నేర్చిన రోణంకి అప్పలస్వామిగారు. రుధిరజ్యోతి కర్త శ్రీరంగం నారాయణబాబుగారు. ఈ మువ్వురును ఒక జట్టు. శ్రీశ్రీ వీరికి ఆప్తుడు. 1940 తరువాత చదువుకొనుటకు వచ్చిన ఆరుద్రకు ఈ జట్టుతోడి పరిచయము కళాశాల చదువుకంటె ఎక్కువ చదువైనది. పదిమంది కలసినచో అందఱును ఒకే మూసలో వ్రాయుదురని, ఒకరి గొంతు మఱియొకరికి అంటుకొనునని శిబిరములను ఆక్షేపించువారు భయపడుదురు. వారు ఈ జట్టును చూడవలెను. చాసోగారి కథలో ఒక మాట తీసివేయుటకు వీలుండదు. నారాయణబాబుగారి పద్యములో ఊహ కట్టు త్రెంచుకొని పరువెత్తును. ఒకే ఊరిలో, ఒకే స్నేహములో నుండియు ఒకరి వ్రాత మఱియొకరి వ్రాతవలె కాలేదు. గొంతు గలవానికి సహవాసమువలన గొంతు పోదు. పోయినచో, అది మొదటినుండియు ఎరవు గొంతేయని మా అభిప్రాయము.

చాసోగారి పొదుపును గూర్చి ఒక మాట. కథలో ఎక్కువైన వాక్యమును వ్రాసినవాడే ఎక్కువగా ప్రేమించును. అది అందముగా నుండును గనుకనే ఎక్కువైనదని అతనికి తెలియదు. దానిని తీసివేయుమనుటకు తనంతటి చదువరి యొకడు ఎదుట నుండవలెను. రోణంకివారి వంటి శ్రోత ఎదుటనున్నచో కథకునికి వృథావాక్యము వ్రాయుటకు చేయి వచ్చునా?

శ్రీకాకుళపు కథానిలయమును చూడక ఈ విషయమును ముగింపరాదు. మురపాకలో 1924లో జన్మించిన కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్టణమున ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపి, తమకు లభించిన సాహిత్య అకాడమీ బహుమతి సొమ్మును ఇంటికి వాడుకొనక, తెలుగు కథలన్నింటిని ఒకచోట చేర్చు పనికై వెచ్చించిరి. 1997 ఫిబ్రవరి 22న కథానిలయము తెఱవబడినది. మాస్టారు 2021 జూన్ 4న పరమపదించిరి. యజ్ఞము వంటి కథ వ్రాసి, దానిపై చెలరేగిన వాదోపవాదములను ఓపికతో విని, కడపటి దశాబ్దములలో తన కథలకంటె ఇతరుల కథలకే ఎక్కువ కాలమిచ్చిన పెద్ద ఆయన. క్రొత్తవాడు కథ చూపినచో మెచ్చుకొని పంపివేయుట సులభము. ఎక్కడ తప్పినదో చెప్పుటకు ఆ కథను రెండుసార్లు చదువవలెను. మాస్టారు చదివెడివారు. కథానిలయము గ్రంథాలయమేకాని శిబిరము కాదు. అయినను ఏటేట ఫిబ్రవరిలో అచట కూడు కథకులకు, నూఱేండ్లకు పైబడిన కథలు వరుసలుగా నిలిచియున్న ఆ బీరువాల ఎదుట నిలుచుటయే ఒక పవారణ. తాను క్రొత్తగా కనిపెట్టితిననుకొన్న ఇతివృత్తము భండారు అచ్చమాంబగారి నాటికే, అనగా 1902 నాటికే, ఎవరో తాకి విడిచినదని అక్కడ తెలియును.

ఇట్టి పరంపర గల సీమలో నేడు మన సభలెట్లున్నవి? జ్యోతి వెలిగించుట ఒక గంట, అతిథుల పరిచయము ఒక గంట, శాలువాలు కప్పుట మఱియొక గంట. పుస్తకమును చదివి వచ్చినవారు వేదికమీద ఒక్కరున్నచో అది అదృష్టము. తప్పు చెప్పినవానిని మఱుసటి సభకు పిలువరు. కథకుడు శాలువతో ఇంటికి పోవును; కథ ఎట్లున్నదో అట్లే యుండును. శిబిరములు కూడ ఈ దారినే పోవునేమో యని మాకు భయము. మొదటి దినము ప్రారంభసభ, కడపటి దినము ముగింపుసభ, నడుమ ఛాయాచిత్రములు తీసికొను శిబిరములు అప్పుడే కనబడుచున్నవి.

పాశ్చాత్యదేశములలో ఈ పద్ధతికి స్థిరమైన ఏర్పాటులున్నవి. 1816 వేసవిలో జెనీవా సరస్సు చెంత బైరను, షెల్లీ మొదలగువారు ఎడతెగని వానలచేత ఇంటిలో చిక్కుకొని, దయ్యపు కథలు చదువుకొని, తలకొక కథ వ్రాయవలెనని పందెము వేసికొన్న వృత్తాంతము ప్రసిద్ధమే. అంతకు ముందటి యేట తూర్పుదీవులలో తంబోరా అగ్నిపర్వతము పగిలి, ఆ బూడిదచేత ఐరోపాకు వేసవియే లేకపోయినదని శాస్త్రజ్ఞులందురు. అదియు ఒక వర్షావాసమే యనుకొందము! మహాకవు లిద్దఱును మొదలుపెట్టినది కొనసాగింపలేదు. పదునెనిమిదేండ్ల మేరీ వ్రాసినది మాత్రము 1818లో ఫ్రాంకెన్‌స్టైన్ అను పేర వెలువడి నేటికిని చదువబడుచున్నది. ఆమె వ్రాతప్రతిని షెల్లీ చదివి దిద్దినాడు. దిద్దినాడు గనుక అది ఆతని రచనయే యని పలుకువారు చాలకాలమునకును దొరకుచునే యుండిరి. స్త్రీ వ్రాసినదానికి ఈ ఆపద అన్నిచోట్లను గలదు.

అమెరికాలో మాక్డోవెల్ దంపతులు 1907లో స్థాపించిన కళాకారుల వసతి పీటర్‌బరో అను ఊరిలో ఇప్పటికిని నడచుచున్నది. అచటి ఆచారమొకటి మన గృహిణులు వినదగినది. వ్రాసికొనువారికి అడవిలో వేఱువేఱు కుటీరములిత్తురు. మధ్యాహ్నభోజనమును బుట్టలోనుంచి, తలుపు తట్టక, గుమ్మము కడ పెట్టి పోవుదురు. పగలెల్ల పిలుపు లేదు. రాత్రి భోజనమునకు అందఱును ఒకచోట చేరుదురు. ఈ సంగతి చదివినప్పుడు మాకు తోచిన మొదటి ఆలోచన యిది. మన దేశమున వ్రాయు పురుషునికి ఈ బుట్ట ప్రతిదినమును గుమ్మము కడకు వచ్చుచునే యున్నది. అడవికి పోనక్కఱలేదు. తెచ్చి పెట్టిన చేయి ఎవరిదని అడిగినవారు మాత్రము తక్కువ.

మూడేండ్ల క్రిందట మేమును ఇట్టి ప్రయత్నమొకటి చేసితిమి. కళింగపట్టణమునకు చేరువ జీడిమామిడి తోటలో ఒక మిత్రుని ఇల్లు ఖాళీగా దొరకినది. ఏడుగురము, ఐదు దినములు. ఉదయము ఎవరి వ్రాత వారిది. సాయంకాలము చదువవలెను. చదివినవారు తమ కథకు వకాల్తా పుచ్చుకొనక వినవలెనని నియమము. వంటకు ఊరిలోని పెద్దవయసు స్త్రీ యొకతె కుదిరినది.

రెండవనాడు పట్టణవాసియైన మిత్రుడొకడు తన కథ చదివెను. పుష్యమాసపు మంచులో ఆడువారు వరుసగా నిలిచి ఉభాలు వేయుచు పాడుచుండగా కథ ప్రారంభమగును. మంచును ఎంతో చక్కగా వర్ణించెను. మేమెల్లరమును ఆ వర్ణనను మెచ్చుకొని, నాయకుని స్వభావమును గూర్చి సూక్ష్మముగా చర్చించుచుంటిమి. గుమ్మము కడ చేటలో బియ్యమేఱుచున్న వంటయామె తలయెత్తి, "పుష్యమాసంలో ఉభాలేటి బాబూ? అప్పటికి కోతలైపోయి నూర్పులు కూడా అయిపోతాయి గదా!" అన్నది. అందఱమును నిశ్శబ్దమైతిమి. మాలో ముగ్గురు ఈ సీమలో పుట్టినవారే, ఒక్కరికిని తట్టలేదు. మిత్రుడు తన మంచును విడువజాలక, పొలమును మార్చజాలక రెండు దినములు ఇసుకలో తిరిగెను. నాలుగవనాడు ఉభాలు తీసివేసి కళ్ళము పెట్టెను. కళ్ళము రాగానే కూలిగింజలు వచ్చినవి; గింజలు రాగానే కుంచము వచ్చినది; కుంచము రాగానే కొలతలో తగవు వచ్చినది. అంతవఱకు పాటలు పాడుటకు తప్ప పనిలేకుండిన ఆ ఆడువారికి కథలో మాట దొరకినది. ఆ కథ అటుపిమ్మట అచ్చుపడినది. వంటయామె పేరు అందులో లేదు.

ఆ ఏడుగురిలో ఒక్కరు స్త్రీ. బడిలో ఉపాధ్యాయిని, ఇద్దఱు బిడ్డల తల్లి. ఐదు దినములకు ఇంటిలో వీలు చిక్కక మూడు దినములకే వచ్చిరి. వచ్చుటకు ముందు రాత్రి మేలుకొని మూడు దినములకు సరిపడు పచ్చళ్ళు, పొడులు చేసిపెట్టి వచ్చినట్లు మాటల సందర్భమున తెలిసినది. మాలో తక్కిన ఆఱుగురును ఏమి చేసిపెట్టి వచ్చితిమో చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆమె తన కథను మొదటినాటి సాయంకాలమే చదివిరి. కోడలొకతె ఇంటిల్లిపాదికి వడ్డించి, కడపట అడుగంటిన అన్నము తాను తిని, ఇక ఇట్లుండనని నిశ్చయించుకొనుట అందులోని విషయము. మేము ఒక్కొక్కరము మెచ్చుకొంటిమి. భాష తేట యంటిమి. స్త్రీలు ఇట్టి కథలు ఇంకను వ్రాయవలెనంటిమి.

రెండవనాటి రాత్రి, ఉభాల కథపై చర్చ ముగిసిన పిమ్మట, ఆమె మెల్లగా మమ్మడిగిరి: "అన్నయ్యగారూ, వారి కథకు ఇన్ని తప్పులు చెప్పారు. నా కథకు ఒక్కటీ చెప్పలేదు. నేను వచ్చినట్టా, రానట్టా?"

దీనికి మాకు జవాబు తోచలేదు. స్త్రీ గదా యని మర్యాద చూపితిమనుకొంటిమి. ఆ మర్యాదలో ఆమె కథను మా కథలతో సమానముగా ఎంచని చూపు దాగియున్నదని అంతవఱకు మాకు తెలియలేదు. సంస్కారులమని పేరు పెట్టుకొన్న మాకు ఇది తెలియకుండుట మఱియు చిన్నతనము. ఆ రాత్రియే ఆ కథను మరల చదివించుకొంటిమి. ఈసారి నిజముగా వింటిమి. కడపటి రెండు పేరాలు ఉపన్యాసమువలె నున్నవని ఒకరనిరి. కోడలి నిశ్చయమును చదువరియే చేసికొనునట్లు విడువవలెనని మఱియొకరనిరి. అత్తగారు అంత క్రూరురాలైనచో ఆ కోడలికిని ఆమెకును నడుమ ఏ బంధమును మిగులదని ఇంకొకరు. చివరకు మాలో పిన్నవాడు, అంతవఱకు ఊరకున్నవాడు, "అక్కా, ఆ రాత్రి అత్తగారు ఏం తిన్నారు?" అని అడిగెను.

ఆమె బదులు చెప్పలేదు. నియమము ప్రకారము చెప్పరాదు కూడ. మూడవనాటి ఉదయము, బస్సునకు ఇంకను గంట యున్నదనగా, అరుగుమీద కూర్చుండి సగము పుట వ్రాసి తెచ్చిరి. కోడలు గిన్నెలు తోమి లోపలికి పోగా, చీకటిలో అత్తగారు కూర్చుండి గంజిలో ఉప్పు వేసికొని త్రాగుచుండును. నలువదియేండ్లుగా అట్లే త్రాగుచున్నది, ఎవరును చూడలేదు. ఇంతే ఆ సగము పుట. దానిని వినుటకు ఆ వేళ మేమిద్దఱమే ఉంటిమి. తక్కినవారు తీరమునకు పోయియుండిరి. అత్తగారి ఈ గంజి కథ నడుమ రావలెనా, చివర రావలెనా యని చర్చ మొదలిడుచుండగా బస్సు వచ్చినది. మా మిత్రుడు ఉభాలను కళ్ళముగా మార్చుకొన్న నాలుగవ దినము ఆమెకు లేదు.

శిబిరమువలని లాభమేమని అడిగిన గృహిణికి మేము చెప్పదగిన సమాధానమిది. అమ్మా, వంటయింటిలో కూర్చుండి వ్రాయవచ్చును. మన దేశమున స్త్రీలు అట్లే వ్రాసిరి. చాసోగారి వాయులీనమున వాద్యము నేర్చిన ఇల్లాలి వాయులీనము ఆమె జబ్బు ఖర్చులకే అమ్ముడుపోవును. కళ గల స్త్రీని సంసారము చేయు పని అది, ఎవరి దుష్టత్వమును లేకుండగనే చేయును. వంటయింటిలో దొరకనిది వ్రాసికొనుటకు చోటు మాత్రమే కాదు. వ్రాసినదానిని తప్పు పట్టుటకు తగిన మనిషియు దొరకదు. పురుషునికి కాఫీహోటలులోను, కళాశాలలోను, రైలులోను అట్టివారు దొరకుదురు. స్త్రీకి శిబిరమే దొరకవలెను. కావున ఎక్కువ అవసరమున్నవారే తక్కువ దినములుండి పోవుచున్నారు. ఈ లోపమును దిద్దని శిబిరము ఎంత అందమైన తీరమున నడచినను సగము పనియే చేయును.

డబ్బు మాట కూడ చెప్పవలెను. శిబిరములు కలిగినవారి విలాసమని కొందఱందురు. మాకైన ఖర్చు తలకు ఒక చిన్న పెండ్లికి పోయివచ్చు ఖర్చుకంటె మించలేదు. పెండ్లికి సెలవు పెట్టుటకు మనకెన్నడును అడ్డు రాలేదు.

ఈ యేడు ఆ ఉపాధ్యాయినిగారు మాకు ఉత్తరము వ్రాసిరి. కథను ఇంకను ఎచ్చటికిని పంపలేదట. బడికి వేసవి సెలవులిచ్చిన తరువాత శిబిరము పెట్టినచో ఐదు దినములును ఉండగలననియు, పిల్లలను వెంట తీసికొని వచ్చుటకు మేమొప్పుకొనవలెననియు కోరిరి. పిల్లలు రావచ్చుననియు, ఒక్కొక్కపూట వారిని చూచుకొను పని వంతుల ప్రకారము మేము ఏడుగురమును పంచుకొందుమనియు జవాబు వ్రాసితిమి. ఈ వంతును గూర్చి మాలో ఇద్దఱు కొంత గొణిగిరి గాని ఒప్పుకొనిరి. తోటయింటి మిత్రుడు మాత్రము వేసవిలో జీడిపిక్కల పంట వచ్చి గదులన్నియు బస్తాలతో నిండియుండునని చెప్పుచున్నాడు. శ్రీకాకుళము, విజయనగరము సీమలలో మే మాసమున పెద్దలు పిల్లలు కలసి పదిమందికి సరిపడు ఇల్లు, నూతిలో నీరు, దగ్గఱలో చెట్టునీడ గలది, తెలిసిన చదువరులు మా కార్యాలయమునకు వ్రాయుదురు గాక.